చేవ్రాలు

పూర్వం బొమ్మ వేసేవాడు పేరు వేసుకునేవాడు కాదు. లేపాక్షి వీరభద్రాలయంలో మంటపం కప్పుమీద పదహారవ శతాబ్దంలో వేసిన బొమ్మలను తలెత్తి చూసి, మెడ పట్టేసి దిగివచ్చినవారు మనలో చాలామంది ఉంటారు. ఆ చీరల అంచులూ, ఆ కోలకళ్ళూ చూసి ఆశ్చర్యపోతాం. వేసిన చెయ్యి ఎవరిదో మాత్రం బొమ్మ చెప్పదు. గుడి కట్టించిన అన్నదమ్ముల పేర్లు నేటికీ చెప్పుకుంటున్నాం. రంగులు నూరినవాడి పేరు చెప్పుకోవడం లేదు. వాడికి ఆ దిగులు ఉండేది కాదు కాబోలు. కూడు గుడి పెట్టింది, పుణ్యం దేవుడు పెడతాడనుకున్నాడు.

ఇప్పుడు కాలం తిరగబడింది. బొమ్మ వేయడానికి ముందే పేరు వేయాలట. ఆ పేరుకు ఒక రంగు, ఒక మాటతీరు, ఒక ముఖం ఉండాలట. అవి నిత్యం పదిమంది కంటా పడుతూ ఉండాలట. దీనిని ‘పర్సనల్ బ్రాండ్’ అంటారు. మా తమ్ముడి కూతురు ఈ మాట మొదటిసారి నా దగ్గర అన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది. బ్రాండ్ అనే ఇంగ్లీషు మాటకు మూలార్థం కాలే కొరవి. పశువు ఎవరిదో తెలియడానికి ఎర్రగా కాల్చిన ఇనుముతో దాని తొడమీద వేసే గుర్తుకు ఆ పేరు వచ్చింది. మన భాషలో దానికి వాత అని చక్కని మాట ఉన్నది. “వాత ఎద్దుకు పెడతారు గదమ్మా! మనిషి తనకు తానే పెట్టుకోవడం ఏమిటి?” అన్నాను. “పెట్టుకోకపోతే మందలో కలిసిపోతాం, పెదనాయనా” అన్నది. ఆ జవాబును కొట్టిపారేయడం నావల్ల కాలేదు. ఆ తరువాత ఆ మాట చుట్టూ మా ఇంట్లో జరిగినదంతా కళ్ళారా చూశాను. బొమ్మలు వేసే పిల్లలున్న ఇళ్ళవారికి పనికివస్తుందేమోనని నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది మదురై. మా పెద్దలు నాయకరాజుల కాలంలో వచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. నోటిమాట తప్ప దానికి కాగితం రుజువు లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. మన కుటుంబాలన్నిటిలాగే మాదీ మూడు భాషల కాపురం. నేను ఒక హైస్కూల్లో 31 ఏళ్ళు డ్రాయింగు మాస్టరుగా పనిచేసి రిటైరైనాను. తమ్ముడికి పచారీ కొట్టు ఉన్నది. అమ్మాయి బి.కాం. చదివి, చెన్నైలో ఒక ఆఫీసులో నాలుగేళ్ళు లెక్కలు రాసింది. 2021లో ఆ ఉద్యోగం వదలుకొని ఇంటికి వచ్చి, నీటిరంగుల బొమ్మలు వేసి బతుకుతానన్నది.

ఇంట్లో ఎంత గొడవ జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి. “బొమ్మ గోడకు అందమేగాని పొయ్యిమీద ఉడకదు” అన్నాడు తమ్ముడు. నాలుగు రోజులు తండ్రీ కూతుళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఐదో రోజున ఒక ఒప్పందం కుదిరింది. రెండేళ్ళు గడువు. అది తీరేనాటికి నెలకు పాత జీతంలో సగమైనా సంపాదిస్తూ ఉండాలి. లేకపోతే మారుమాట లేకుండా మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలి. దీన్ని కాగితంమీద రాసుకోలేదు గాని, కొట్టువాడి మాట కాగితంకంటె గట్టిది.

బొమ్మ వేయడం ఆమెకు తెలుసు. కొనేవాడికి ఆమె తెలియదు. చిక్కంతా అక్కడే ఉన్నది. పెద్ద పట్నాలలో బొమ్మల ప్రదర్శనశాలలు ఉన్నాయి గాని, పేరు లేనివారి బొమ్మ ఆ గోడలెక్కడం సులభం కాదు. ఊళ్ళో చుట్టాలు కొంటారా అంటే, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదాయె. “మా పాప పుట్టినరోజుకు ఊరికే ఒకటి వేసిపెట్టమ్మా, నీకు అరగంట పని” అనేవారే అందరూ. మిగిలినది చేతిలోని ఫోను. ఇన్‌స్టాగ్రాములో బొమ్మలు పెట్టి అక్కడే అమ్ముకుంటానన్నది. తమ్ముడికి ఇది ఉద్యోగం మానడంకంటె నామోషీగా తోచింది. “నేను గొప్పదాన్ని, నా బొమ్మ కొనండి అని లోకమంతా చాటుకోవడమా? మన ఇంటా వంటా ఉన్నదా?” అన్నాడు.

“ఇంట్లో లేకేం, కొట్లో ఉన్నది” అన్నాను నేను. “ఏటేటా శివకాశిలో కేలండర్లు అచ్చువేయించి పంచుతున్నావు గదరా! మురుగన్ బొమ్మ కింద నీ కొట్టు పేరూ, నీ పేరూ, ఫోను నంబరూ ఎంతంత అక్షరాల్లో ఉంటాయి? దేవుడి కాళ్ళ దగ్గర నువ్వు చాటుకుంటే తప్పులేదు గాని, తాను వేసిన బొమ్మ కింద తన పేరు అది చెప్పుకుంటే తప్పా?” తమ్ముడు జవాబు చెప్పలేదు. మా అమ్మ మాత్రం కిసుక్కున నవ్వి, “అడగందే అమ్మయినా పెట్టదురా” అన్నది. ఆమెకు 86 ఏళ్ళు. పిల్లలందరికీ అవ్వ.

కేలండరు సంగతి వచ్చింది గనుక చెబుతున్నాను. చిత్రకారుడి పేరు జనంలోకి వెళ్ళే దారి ఫోనుతో పుట్టలేదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుకూటం పెట్టించి, తన లక్ష్మినీ సరస్వతినీ రంగుల్లో అచ్చొత్తించాడు. అంతవరకూ సంస్థానాల గోడలమీద ఉన్న బొమ్మ సామాన్యుడి పూజగదికి వచ్చింది. ఆయన పేరు దేశమంతా మోగింది. అచ్చుకూటం మాత్రం నష్టాలపాలై, కొన్నేళ్ళకే దానిని బొమ్మల అచ్చు హక్కులతో సహా ఒక జర్మన్ నిపుణుడికి అమ్మివేయవలసి వచ్చింది. పేరుకూ పైసాకూ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆనాడే తెలిసిపోయింది.

మా ప్రాంతానికి దగ్గరివాడు కొండయ్యరాజు (1898–1976). మద్రాసులో చిత్రకళ చదివి, కొన్నాళ్ళు తిరువణ్ణామలై రమణాశ్రమంలో గడిపి, నాటక కంపెనీకి తెరలు వేస్తూ ఊళ్ళు తిరిగి, ఆఖరుకు కోవిల్పట్టిలో స్థిరపడ్డాడు. శివకాశి అక్కడికి దగ్గరే. ఆయనా ఆయన శిష్యులూ వేసిన దేవుళ్ళు కేలండర్లమీద ఎక్కి దక్షిణదేశమంతటా ఇంటింటికీ వెళ్ళారు. ఆ కేలండరుమీద కొట్టువాడి పేరు బారెడు ఉంటే, బొమ్మ వేసినవాడి చేవ్రాలు మూలన ఆవగింజంత ఉండేది. ఏడాది తిరిగితే తేదీలు చెల్లేవి కావు. కొట్లు చేతులు మారేవి. బొమ్మను మాత్రం కత్తిరించి చట్రం కట్టించుకునేవారు. దానితోపాటు ఆవగింజ కూడా చట్రంలోకి వెళ్ళేది.

ఇక ‘చందమామ’ను మరచిపోగలమా? 1947లో మద్రాసులో పుట్టిన ఆ పత్రికలో విక్రమార్కుడి భుజంమీద బేతాళుణ్ణి ఎక్కించిన శంకర్ (1924–2020), ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య (1921–1992) మనకు చుట్టాలకంటె ఎక్కువ. ‘వపా’ అన్న రెండక్షరాలు కనబడితే చాలు, ఆ ఆడవారి చేతివేళ్ళు ఎలా ఉంటాయో చూడకుండానే చెప్పగలిగేవాళ్ళం. బాపు (1933–2014) సంగతి వేరే చెప్పాలా? ఆయన చేతిరాతే కంప్యూటరు అక్షరాలై పెళ్ళిశుభలేఖల మీదికి ఎక్కింది. వీరెవ్వరూ వీధిలో నిలబడి తమ పేరు చాటుకోలేదు అనుకుంటాం. నిజమే. కాని వారికోసం పత్రిక చాటింది. నెలనెలా తప్పకుండా, ఒకేచోట, ఒకే చెయ్యి కనబడింది. పేరు తనంతట తాను పాతుకున్నది.

ఈనాటి పిల్లలకు ఆ వసతి తగ్గిపోయింది. ఇప్పుడు చిత్రకారుడే సంపాదకుడు, చిత్రకారుడే అచ్చు వేసేవాడు, చిత్రకారుడే పోస్టుమాను. బొమ్మ వేసిన చెయ్యే ఆ మూడు పనులూ చేయడానికి బ్రాండ్ అని కొత్త పేరు పెట్టారు, అంతే. ఇది బోధపడిన తరువాత నాకు ఆ మాటమీద కోపం పోయింది.

అమ్మాయి తన ఖాతాలో మొదట రాసుకున్న పరిచయం ఇది: ‘ఆర్టిస్టును. కలలు కంటాను. కాఫీ అంటే ప్రాణం.’ పరిచయానికి అక్కడ ఇచ్చేది 150 అక్షరాల చోటు. “కాఫీ అంటే నాకూ ప్రాణమే. అంతమాత్రాన నా దగ్గర బొమ్మ కొంటారా?” అని అడిగాను. ఆ రాత్రంతా ఆలోచించి మరునాడు మార్చింది: ‘మదురై వీధులు, వాకిళ్ళు, ముగ్గులు నీటిరంగుల్లో వేస్తాను. మీ ఇంటి వాకిలి కూడా వేసి పంపుతాను.’ ఆ రెండో వాక్యమే మొదటి ఆర్డరు తెచ్చిపెట్టింది. సింగపూరులో ఉన్న ఒక పెద్దమనిషి, పడగొట్టివేసిన తన తాతగారి ఇంటి పాత ఫోటో పంపి, ఆ వాకిలి వేసివ్వమన్నాడు. ఎవరు, ఏం చేస్తారు, నాకేం చేసిపెడతారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేని పరిచయం పరిచయమే కాదని మేమిద్దరమూ అప్పుడే నేర్చుకున్నాం.

తరువాత విషయం. అంతకుముందు ఒకనాడు నెమలి, ఒకనాడు సినిమాతార, ఒకనాడు పర్వతం వేసేది. అన్నీ బాగుండేవి, ఏదీ గుర్తుండేది కాదు. ఏడాదిపాటు మదురై దాటి పోకూడదని నియమం పెట్టుకున్నది. మాసి వీధుల్లో తెల్లవారుజామున పాలబండ్లు, గోపురం నీడలో మల్లెపూల బుట్టలు, సున్నం వెలసిన వాకిళ్ళ ముందు పచ్చిముగ్గులు. మదురై మల్లెకు 2013లో ప్రభుత్వంవారి భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఊరి పేరు పువ్వుకు పెట్టుబడి అయినట్టే, ఆ ఊరే ఈ పిల్ల బొమ్మలకూ పెట్టుబడి అయింది. ఆరు నెలలకు, పేరు చూడకుండానే “ఇది ఆ మదురై అమ్మాయి బొమ్మ” అనేవారు కొందరు ఏర్పడ్డారు. చెయ్యి గుర్తుపట్టడమంటే అదే.

మిగిలినవి చిన్న సంగతులే గాని పనికివచ్చేవి. బొమ్మను రాత్రి దీపం కింద ఫోటో తీస్తే రంగు పచ్చబడుతుంది. ఉదయం కిటికీ పక్కన, ఎండ నేరుగా పడనిచోట తీయాలి. వారానికి రెండే బొమ్మలు, మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. పత్రిక తేదీ తప్పనట్టు తప్పకూడదు. పూర్తయిన బొమ్మతోపాటు సగంలో ఉన్న బొమ్మ కూడా చూపాలి. ముందు పెన్సిలు గీత, తరువాత పలుచని నీలం, ఆ తరువాత నీడ. అది చూసినవాడికి ఇందులో ఎన్ని గంటల పని ఉన్నదో అర్థమవుతుంది, ధర అడిగినప్పుడు ముఖం చిట్లించడు. ధర దాచకూడదు. కాగితం, రంగులు, గంటలు, అట్టపెట్టె, కొరియరు అన్నీ లెక్కవేసి ఆమె ధర కట్టేది. ఎంతయినా కొట్టువాడి కూతురు గదా!

ఇంకొక జాగ్రత్త ఉన్నది. అంగడి మనది కాదు, సంత మరొకరిది. 2010లో మొదలైనప్పుడు ఇన్‌స్టాగ్రాములో పెట్టిన వేళను బట్టి, తాజాగా పెట్టిన బొమ్మ ముందు వచ్చే వరుసలో కనబడేది. 2016లో ఆ పద్ధతి మార్చి, ఎవరికి ఏది చూపాలో యంత్రమే ఎంచేటట్టు చేశారు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 ఆప్‌లను నిషేధించింది. అక్కడ లక్షలమంది అభిమానులను కూడబెట్టుకున్నవారు తెల్లవారేసరికి పేరూ ఊరూ లేనివారైనారు. నిషేధం మంచిచెడ్డలు నాకెందుకు గాని, ఇసుకలో కట్టిన పేరు ఎంతకాలమో ఆనాడు అందరూ చూశారు. అందుకని అమ్మాయి ఒక మామూలు నోటుబుక్కు పెట్టుకున్నది. బొమ్మ కొన్న ప్రతివారి పేరు, అడ్రసు, ఏ బొమ్మ, ఎప్పుడు అన్నీ అందులో రాస్తుంది. సంక్రాంతికి ప్రతివారికీ చేత్తో ఒక కార్డు వేసి పోస్టులో పంపుతుంది. సంత ఎత్తివేసినా ఆ నోటుబుక్కు ఆమెదే.

ఇట్లా ఇరవై నెలలు నడిచింది. ఆదాయం పాత జీతంలో మూడోవంతు దగ్గర ఆగిపోయింది. గడువు ఇక నాలుగు నెలలే. అప్పుడు అవ్వ సంగతి వచ్చింది.

మార్గశిరంలో మా అమ్మ తెల్లవారుజామునే లేచి వాకిట్లో ముగ్గు పెడుతుంది. 86 ఏళ్ళ మనిషి నడుము వంచి, బియ్యప్పిండి రెండు వేళ్ళ మధ్యనుంచి జారవిడుస్తుంటే గీత వణకదు. అమ్మాయి ఆమెను అడిగే ఫోనులో వీడియో తీసి పెట్టింది. అప్పటిదాకా ఆమె బొమ్మలను వందలమంది చూసేవారు. అవ్వను లక్షలమంది చూశారు. “అవ్వను మళ్ళీ చూపించండి”, “అవ్వ వంట చేస్తుందా?”, “అవ్వ పాట పాడుతుందా?” అని ఉత్తరాలమీద ఉత్తరాలు. బొమ్మ ఎంత అని అడిగినవారు ముగ్గురు. పదిరోజులకు ఒక కాఫీపొడి వ్యాపారులనుంచి కబురు వచ్చింది. అవ్వ ముగ్గు పెట్టి, అరుగుమీద కూర్చుని, వారి పొట్లం చేత పట్టుకుని, కాఫీ తాగి నవ్వాలి. అలాంటి వీడియోలు ఆరు. ఇస్తామన్న సొమ్ము అమ్మాయి ఆఫీసులో నాలుగు నెలలు కష్టపడితే వచ్చే జీతమంత.

తమ్ముడు సంతోషించాడు. “గడువు లోపల లెక్క సరిపోయింది, ఒప్పుకో” అన్నాడు. తప్పు పట్టడానికి లేదు. దొంగసొమ్ము కాదు, అబద్ధం కూడా కాదు, మా ఇంట్లో కాఫీ తాగుతూనే ఉంటాం. అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఒప్పుకుంటే గడువు గండం గడుస్తుంది. కాని ఆ తరువాత తన పేరు బొమ్మలు వేసే పిల్ల అని కాక, కాఫీ అవ్వ మనవరాలు అని స్థిరపడుతుంది. చివరకు అవ్వనే అడగడం న్యాయమని ఆమె మంచం పక్కన కూర్చుని అంతా చెప్పింది.

అవ్వ విని కాసేపు ఊరుకున్నది. “ముగ్గు చీమల కోసరం పెడతానే అమ్మీ. చీమలు పిండి తింటాయి, నా మొగం చూడవు. నీకు దుడ్డు కావాలంటే చెప్పు, కూర్చుంటాను. నా కోసరమయితే వద్దు” అన్నది.

అమ్మాయి వద్దని జవాబు రాసింది. తమ్ముడు నాలుగు రోజులు అలిగాడు. ఆ తరువాత ఆమె తన నోటుబుక్కు మొదటి పేజీలో నాలుగు నియమాలు రాసుకున్నది: చేతులు చూపవచ్చు, ఇంటివారి ముఖాలు చూపకూడదు. పని చూపవచ్చు, కష్టాలు చూపి కొనమనకూడదు. నచ్చినది చెప్పవచ్చు, వాడనిదాన్ని పొగడకూడదు. రోజుకు ఒక గంట, మధ్యాహ్నం భోజనమైన తరువాత. పొద్దున కుంచె పట్టకముందు ఫోను ముట్టకూడదు. అవ్వకోసం వచ్చినవారు మెల్లమెల్లగా వెళ్ళిపోయారు. ఆ అంకె తగ్గుతుంటే చూడడం ఎవరికయినా కష్టమే. రోజూ ఉదయం మొక్క వాడుతుందేమోనని చూసినట్టు ఆమె కొన్నాళ్ళు దానివంక చూసింది, తరువాత మానేసింది.

ఆ లక్షలమందిలో ఒక నూరుమంది మాత్రం మిగిలారు. వారు అవ్వ ముఖంకోసం కాక ముగ్గుకోసం నిలిచినవారు. వారిలో కొందరు ముగ్గు నేర్పమన్నారు, కొందరు ముగ్గులున్న వాకిలి బొమ్మ కావాలన్నారు. అవ్వకు తెలిసిన చుక్కల ముగ్గులు నలభై దాకా అమ్మాయి నీటిరంగుల్లో వేసి, చిన్న కార్డులుగా అచ్చువేయించింది. కార్డు వెనుక ఎన్ని చుక్కలు, ఎన్ని వరుసలు అన్నది ఉంటుంది. అవ్వ ముఖం లేదు. అవ్వ లెక్క ఉన్నది.

ఆ రోజుల్లోనే మరొక సంగతి జరిగింది. దూరపు పట్నంలో ఒక దుకాణంవారు ఆమె వేసిన పూలబుట్ట బొమ్మను గుడ్డసంచులమీద అచ్చువేసి అమ్ముతున్నారని ఎవరో ఫోటో పంపారు. అంచున ఉన్న ఆమె పేరు శుభ్రంగా కత్తిరించి వేశారు. పిల్లలున్న ఇళ్ళవారు ఈ విషయం తెలుసుకోవడం మంచిది. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం, జీతానికో కూలికో ఒప్పుకుని వేసినవి కాక స్వంతంగా వేసిన బొమ్మకు తొలి హక్కుదారు వేసినవారే. రిజిస్టరు చేయించుకుంటే రుజువుకు బలం గాని, చేయించుకోనంత మాత్రాన హక్కు పోదు. వేసినవారి జీవితకాలమూ, వారు పోయిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్ళూ ఆ హక్కు ఉంటుంది. బొమ్మ ఎవరికి అమ్మినా, ఇది నేను వేసినది అని చెప్పుకునే హక్కును అదే చట్టం 57వ సెక్షను చిత్రకారుడికే ఉంచింది. అమ్మాయి తన పెన్సిలు గీతలు, తేదీలున్న ఫోటోలు జతచేసి మర్యాదగా ఉత్తరం రాసింది. వారు సంచులు అమ్మడం ఆపారు. డబ్బు మాత్రం ఇవ్వలేదు. కోర్టుకు వెళ్ళే స్తోమతు మాకు లేదు.

నేను ఆమెకు ఒక డ్రాయింగు మాస్టరు సలహా ఇచ్చాను. చేవ్రాలు అంచున వేయవద్దు, కత్తెరకు అందుతుంది. బొమ్మ లోపల, తీసివేస్తే బొమ్మ చెడేచోట వేయి. గుమ్మం గడపమీద, బండిచక్రం నీడలో, ముగ్గు మెలికలో. ఆమెకు అది నచ్చింది. “ఏ అక్షరాల్లో వేయను, పెదనాయనా?” అన్నది.

ఇది నేను అనుకోని ప్రశ్న. అంతవరకూ ఇంగ్లీషులో వేసేది. తమిళం బడిలో చదివింది, చక్కగా రాస్తుంది. తెలుగు మాట్లాడడమేగాని ఒక్క అక్షరం రాదు. మన ఇళ్ళలో ఎందరు పిల్లలకు వస్తుంది? నాకు మా నాయన రాత్రిపూట పలకమీద నేర్పాడు గనుక వచ్చింది. “నీకు ఏ అక్షరం చేతికి హాయిగా ఉంటే అది” అన్నాను. నాలుగు రోజుల తరువాత పలక తెచ్చి నా ముందు పెట్టింది. తన పేరులోని మూడక్షరాలు మాత్రం నేర్పమన్నది. నేర్పాను. తలకట్టు ఎక్కడ మొదలవుతుందో, కుంచె ఎటు తిప్పితే గుండ్రం విరగదో చూపాను. ముగ్గు మెలిక తిప్పిన చేతికి తెలుగక్షరం ఎంతసేపు? మూడక్షరాలు నేర్చినది మిగిలినవి నేర్వకుండా ఊరుకోలేకపోయింది. ఇప్పుడు కూడబలుక్కుని ఈ పత్రిక చదువుతుంది.

ఆ చేవ్రాలు చూసి తమిళులైన గిరాకీదారులు ఇదేదో కొత్త ముగ్గనుకుని అడుగుతారు. అది నా పేరు, మా ఇంటి భాష అని చెబుతుంది. ఒకనాడు షోలాపూరునుంచి ఒక నేత కుటుంబంవారు రాశారు. బొమ్మలోని గడపమీద అక్షరాలు తమ తాత పలకమీద రాసినట్టు ఉన్నాయట, అందుకని ఆ బొమ్మే కావాలట. బ్రాండ్ అంటే ఇదేనా అని నాకు అనిపించింది. పశువుకు వేసే వాత యజమాని ఎవరో చెబుతుంది. మనిషి వేసుకునే గుర్తు ఎక్కడివాడో, ఎవరివాడో చెబుతుంది.

గడువు రోజు రానే వచ్చింది. తమ్ముడు కొట్టు కట్టేసి వచ్చి కళ్ళజోడు పెట్టుకుని లెక్కకు కూర్చున్నాడు. బొమ్మలు, ముగ్గు కార్డులు, శనివారాలు ఇంట్లో పిల్లలకు చెప్పే డ్రాయింగు క్లాసు అన్నీ కలిపినా పాత జీతంలో సగం కాలేదు. కొంచెం తక్కువ పడింది. అమ్మాయి ఏమీ అనలేదు. తమ్ముడు నోటుబుక్కు తిరగేస్తూ కొన్ని పేర్ల దగ్గర వేలు ఆపాడు. “వీళ్ళు రెండోసారి కొన్నారా?” అన్నాడు. పందొమ్మిదిమంది రెండోసారి, అందులో ఐదుగురు మూడోసారి కొన్నారు. తమ్ముడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “కొత్త గిరాకీ పండుగపూట ఎవడికయినా వస్తుంది. తిరిగి వచ్చిన గిరాకీతోనే కొట్టు నిలబడేది. ఇంకొక ఏడాది చూద్దాం” అన్నాడు. ఆ ఏడాది గడిచి మరొక ఏడాది కూడా గడిచింది. గడువు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కొన్ని నెలలు బాగుంటాయి, ఆషాఢంలో బొత్తిగా ఉండవు. పాత జీతంతో పోలిస్తే తక్కువే. అమ్మాయి ఉదయం ఐదింటికి లేచి కిటికీ దగ్గర కూర్చుంటుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇప్పటి పిల్లలు రచ్చతోనే మొదలుపెట్టవలసి వస్తున్నది. ఇల్లు గెలిపించడం మన చేతిలో ఉన్నది. మీ ఇంట్లో బొమ్మలు వేసే పిల్ల ఉంటే ‘ఎంతమంది చూశారు’ అని అడగకండి. అది యంత్రం చెబుతుంది. ‘ఈవారం ఏం వేశావు’ అని అడగండి. చుట్టాలంతా ఊరికే అడిగేచోట మీరు ధర అడిగి ఒకటి కొనండి. ముఖం చూపితే వచ్చే సొమ్ముకూ పని చూపితే వచ్చే సొమ్ముకూ తేడా ఏమిటో భోజనాల దగ్గర మాట్లాడుకోండి. రాత్రిపూట పలకమీద మన అక్షరాలు నాలుగు దిద్దించండి. ఏ బొమ్మ మూలకు పనికివస్తాయో ఎవరు చెప్పగలరు?

కొత్త సంవత్సరానికి మీ ఇంటికీ ఏదో కొట్టువారు కేలండరు ఇస్తారు. గోడకు తగిలించేముందు ఒకసారి బొమ్మ మూలల్లో వెతకండి. చేవ్రాలు ఉంటే పైకి చదివి పిల్లలకు ఆ పేరు చెప్పండి. లేకపోతే, వేసినవారు ఒకరు ఉన్నారని అయినా చెప్పండి.